గల్ఫ్ తెలుసు.. గోల్ఫ్ చదువు తెలుసా? మిర్యాలగూడ పిల్లలకు గరిక గడ్డి చెప్పే పాఠం

మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతాల్లో ‘గల్ఫ్’ అనే మాట వినని ఇల్లు ఉండదు. మామూ సౌదీలో డ్రైవర్, ఖాలూ దుబాయ్‌లో ఏసీ మెకానిక్, పక్కింటి భాయ్ ఖతర్‌లో ఎలక్ట్రీషియన్.. ఏదో ఒక చుట్టరికం ఆ దేశాలతో ఉంటుంది. అదే ‘గోల్ఫ్’ అంటే మాత్రం చాలామందికి టీవీలో కనిపించే ఆట. ఖరీదైన కర్రలు, నెత్తిన టోపీలు, కనుచూపు మేర పచ్చటి మైదానం. ‘అది పెద్దోళ్ల ఆట, మనకెందుకు’ అని చానల్ మార్చేస్తారు.

ఆట సంగతి కాసేపు పక్కన పెడదాం. ఆ మైదానాన్ని అంత పచ్చగా ఉంచేది ఎవరు? దుబాయ్ ఎండలో ఆ గడ్డి ఎట్లా బతుకుతోంది? ఎన్ని నీళ్లు పెట్టాలి, ఏ మందు ఎప్పుడు కొట్టాలి, ఎంత ఎత్తున కోయాలి అని తేల్చేది ఎవరు? ఈ ప్రశ్నల వెనక ఒక పూర్తి స్థాయి వృత్తి ఉంది. దాన్ని కాలేజీలో పాఠంగా చెప్పి, విద్యార్థులను ఉద్యోగాలకు సిద్ధం చేసే అధ్యాపకులు ప్రపంచంలో దాదాపు 100 ఏళ్లుగా ఉన్నారు. వాళ్లు చెప్పే పాఠాల్లో సగం మిర్యాలగూడ ఆయకట్టు రైతు బిడ్డకు ముందే తెలుసు. తెలియనిది ఏమిటి, అది ఎక్కడ దొరుకుతుంది అన్నదే ఈ కథనం.

ఒక మైదానం, ఎన్నో కొలువులు

పూర్తి గోల్ఫ్ కోర్సులో 18 గుంతలు ఉంటాయి. దానికి 100 ఎకరాలకు పైగా భూమి కావాలి. బంతిని మొదట కొట్టే చోటును టీ అంటారు. మధ్యలో పొడవుగా ఉండే పచ్చిక ఫెయిర్‌వే. చివర్లో గుంత ఉండే నున్నటి చోటు గ్రీన్. ఆ గుంత వ్యాసం ఎక్కడైనా ఒకటే, నాలుగుంపావు అంగుళాలు. గ్రీన్ మీద గడ్డిని 3, 4 మిల్లీమీటర్ల ఎత్తులో కోస్తారు. అంటే బియ్యపు గింజ పొడవు కంటే తక్కువ. అంత పొట్టిగా రోజూ కోస్తూ గడ్డిని చావకుండా చూడడమే ఈ వృత్తిలో అసలు కష్టం.

ఈ పని మొత్తానికి బాధ్యత వహించే అధికారిని గోల్ఫ్ కోర్స్ సూపరింటెండెంట్ అంటారు. ఆయన కింద అసిస్టెంట్లు, నీటి పారుదల చూసే టెక్నీషియన్లు, యంత్రాలు బాగుచేసే మెకానిక్‌లు, మందులు కొట్టేవారు, గడ్డి కోసేవారు ఉంటారు. ఇంకోవైపు ఆట నేర్పే కోచ్‌లు, సామాన్లు అమ్మే దుకాణం నడిపేవారు, పోటీలు నిర్వహించేవారు, క్లబ్ లెక్కలు చూసేవారు ఉంటారు. ఆటగాడి సంచి మోసే క్యాడీ కూడా ఈ వ్యవస్థలో భాగమే.

క్యాడీ పనిని తక్కువగా చూడాల్సిన అవసరం లేదు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచారు. ఆ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ ఆయనే. 1993లో మళ్లీ గెలిచారు. అర్జున అవార్డు అందుకున్నారు. అయితే అలాంటి ఎదుగుదల లక్షల్లో ఒకరికి. ఆటగాడు కావాలంటే ప్రతిభతో పాటు చిన్నప్పటి నుంచి మైదానం, డబ్బు, కాలం అన్నీ కలిసి రావాలి. మైదానాన్ని నడిపే ఉద్యోగాలకు కావాల్సింది వేరు. అది చదివి సంపాదించుకోగలిగింది.

గడ్డి కోయడానికి కాలేజీ ఎందుకు?

‘గడ్డి కోసేందుకు కూడా కాలేజీకి పోవాలా బేటా?’ అని ఏ నానీ అయినా అడగొచ్చు. ఇదే ప్రశ్న 100 ఏళ్ల కింద అమెరికాలోనూ ఉండేది. అప్పట్లో గ్రీన్‌కీపర్ అంటే మైదానంలో పనిచేసే కూలీల మేస్త్రీ. తండ్రి దగ్గర కొడుకు, మేస్త్రీ దగ్గర కుర్రాడు నేర్చుకునేవారు. గడ్డి ఎండిపోతే నింద ఆయనది, బాగుంటే పేరు క్లబ్‌ది. తన పనికి కారణాలు చెప్పగలిగే చదువు ఆయనకు ఉండేది కాదు.

1926లో ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో గ్రీన్‌కీపర్లంతా కలిసి ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడు, 1927లో, మసాచుసెట్స్ వ్యవసాయ కళాశాలలో లారెన్స్ డికిన్సన్ అనే అధ్యాపకుడు గ్రీన్‌కీపర్ల కోసం శీతాకాలపు బడి ఒకటి మొదలుపెట్టారు. శీతాకాలమే ఎందుకంటే, అక్కడ మంచు కురిసే నెలల్లో మైదానాలు మూతపడతాయి. పనివాళ్లు ఖాళీగా ఉంటారు. ఉద్యోగం వదులుకోకుండా చదువుకోవడానికి అదొక్కటే సమయం. మట్టి, గడ్డి రకాలు, ఎరువులు, తెగుళ్లు, డ్రైనేజీ, ఖర్చుల లెక్కలు.. వీటిని పాఠాలుగా చేసి చెప్పారు. ఆ కళాశాలే తర్వాత మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం అయింది. ఆ శీతాకాలపు బడి ఇప్పటికీ నడుస్తోంది.

డికిన్సన్ చేసిన పని చూడడానికి చిన్నది. కొత్త గడ్డి కనిపెట్టలేదు, కొత్త యంత్రం చేయలేదు. చేతులకు తెలిసిన పనిని పుస్తకంలోకి ఎక్కించి, పుస్తకంలో ఉన్న శాస్త్రాన్ని చేతులకు అందించారు. దాంతో మేస్త్రీ మాటకు బలం వచ్చింది. ‘ఎందుకు ఎండిపోయింది’ అని కమిటీ అడిగితే మట్టి పరీక్ష కాగితం చూపించి జవాబు చెప్పగలిగాడు. గ్రీన్‌కీపర్ అనే పేరు పోయి సూపరింటెండెంట్ అనే హోదా రావడం వెనక ఈ చదువు ఉంది.

ఆ తర్వాత పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో 1957లో రెండేళ్ల టర్ఫ్ కోర్సు మొదలైంది. జోసెఫ్ డ్యూయిక్ అనే ప్రొఫెసర్ అక్కడ మూడు దశాబ్దాలకు పైగా బోధించారు. ఆయన శిష్యులు దేశమంతటా సూపరింటెండెంట్లు అయ్యారు. ఇక క్లబ్ నడపడం, ఆట నేర్పడం, వ్యాపారం చేయడం అనే రెండో వైపు చదువు 1975లో మిచిగన్‌లోని ఫెర్రిస్ స్టేట్‌లో మొదలైంది. మార్కెటింగ్ డిగ్రీతో పాటు గోల్ఫ్ నిర్వహణ, మధ్యలో క్లబ్బుల్లో నెలల తరబడి ఇంటర్న్‌షిప్. తరగతి గది ఒక చోట, మైదానం ఒక చోట కాకుండా రెండింటినీ కలిపి నడిపించడమే ఈ కోర్సులన్నింటి పద్ధతి.

పొలంలో కలుపు, అక్కడ పంట

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మిర్యాలగూడ అంటే వరి. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలాక ఎడమ కాల్వ కింద ఇక్కడి భూముల రూపే మారిపోయింది. వరి వెంట రైస్ మిల్లులు వచ్చాయి. ఆ పొలం గట్ల మీద ఎంత పీకినా పోని కలుపు ఒకటుంది. తెలుగులో గరిక, ఉర్దూలో దూబ్. రైతుకు దాన్ని చూస్తే చిరాకు. కణుపు కణుపుకూ వేరు తొడుగుతుంది. ఎండకు చావదు, తొక్కితే చావదు, మేక మేస్తే మళ్లీ చిగురిస్తుంది.

గోల్ఫ్ మైదానానికి కావాల్సిన గుణాలు సరిగ్గా ఇవే. వేడి దేశాల్లోని గోల్ఫ్ కోర్సుల్లో విరివిగా పెంచే బెర్ముడా గడ్డి వేరేదేం కాదు, మన గరికే. దాని నుంచి, ఆఫ్రికా జాతి గరిక ఒకదానితో కలిపి తీసిన సంకర రకాలు ఈ పరిశ్రమ తీరునే మార్చేశాయి. ఆ పని చేసినవారు అమెరికాలోని జార్జియా రాష్ట్రం, టిఫ్టన్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన గ్లెన్ బర్టన్. 1956లో టిఫ్‌గ్రీన్, 1960లో టిఫ్‌వే, 1965లో టిఫ్‌డ్వార్ఫ్ అనే రకాలు అక్కడి నుంచి వచ్చాయి. ఈ సంకర రకాలు విత్తనం కట్టవు. కణుపు ముక్కలు నాటి పెంచాల్సిందే. చెరుకు ముచ్చెలు నాటడం తెలిసిన రైతుకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని కాదు.

బర్టన్ పేరుతో మన దేశానికి ఇంకో లంకె ఉంది. ఆయన సజ్జ పంట మీద కూడా పరిశోధన చేశారు. ఆయన తయారుచేసిన టిఫ్ట్ 23ఏ అనే వంగడాన్ని తల్లిగా వాడి, లూధియానాలో డీఎస్ అత్వాల్ 1965లో హెచ్‌బీ-1 అనే సంకర సజ్జను తెచ్చారు. మన దేశంలో హైబ్రిడ్ సజ్జలు దానితోనే మొదలయ్యాయి. అంటే పెద్దోళ్ల ఆటకు గడ్డి ఇచ్చిన చేయే పేదోడి రొట్టెకు గింజ కూడా ఇచ్చింది. గోల్ఫ్ గడ్డి శాస్త్రం అంటే వ్యవసాయ శాస్త్రానికి దూరపు చుట్టం కాదు, సొంత తోబుట్టువు అని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

తెగుళ్ల సంగతీ అంతే. వరికి వచ్చే పాము పొడ తెగులు మన రైతులకు బాగా తెలుసు. దాన్ని కలిగించే శిలీంద్రం పేరు రైజోక్టోనియా సొలాని. గోల్ఫ్ పచ్చిక మీద గుండ్రటి గోధుమ రంగు మచ్చలు తెచ్చే బ్రౌన్ ప్యాచ్ తెగులుకూ ఇదే శిలీంద్రం కారణం. తేమ ఎక్కువైనా, నత్రజని అతిగా వేసినా రెండు చోట్లా ముదురుతుంది. యూరియా ఎక్కువ చల్లితే ఏమవుతుందో వరి పొలంలో చూసిన పిల్లవాడికి ఈ పాఠం ఒక్కసారి చెబితే చాలు.

ఎక్కడ తేడా వస్తుంది?

అన్నీ ఒకటే అనుకుంటే మాత్రం పొరపాటు. వరి మడిలో దమ్ము చేస్తాం. మట్టిని బురద చేసి, నీళ్లు కిందికి ఇంకకుండా కడతాం. గ్రీన్ విషయంలో సరిగ్గా దీనికి తిరగేసి చేయాలి. నీళ్లు పడ్డ వెంటనే కిందికి దిగిపోవాలి. అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ 1960లో చెప్పిన పద్ధతి ప్రకారం కింద డ్రైనేజీ పైపులు, వాటి మీద 4 అంగుళాల కంకర, ఆపైన 12 అంగుళాల ఇసుక ప్రధానమైన మిశ్రమం వేస్తారు. ఇసుక రేణువుల సైజును జల్లెడలతో కొలిచి మరీ ఎంచుతారు. ఇసుకలో పోషకాలు నిలవవు కాబట్టి ఎరువు కొంచెం కొంచెంగా చాలాసార్లు ఇవ్వాలి. మడి కట్టిన అనుభవం ఒక్కటే ఉన్నవాడు ఇక్కడ తప్పటడుగు వేస్తాడు. నేల ఎందుకు నీరు పట్టుకుంటుంది, ఎందుకు వదిలేస్తుంది అన్న శాస్త్రం తెలిసినవాడు రెండు చోట్లా నిలబడతాడు. కాలేజీ చదువు ఇచ్చేది ఈ రెండోదాన్ని.

యంత్రాల విషయం చూడండి. గ్రీన్ కోసే యంత్రంలో గుండ్రంగా తిరిగే బ్లేడ్ల రీలు ఒకటి, కింద కదలని బ్లేడు ఒకటి ఉంటాయి. రెండింటి మధ్య సందు వెంట్రుకవాసి తేడా వచ్చినా గడ్డి తెగదు, చిరుగుతుంది. చిరిగిన చోట తెగులు పడుతుంది. అందుకే మెకానిక్ సన్నని కాగితం ముక్క పెట్టి, రీలు చేత్తో తిప్పి, అది కత్తెరతో కోసినట్టు తెగిందా లేదా చూస్తాడు. రైస్ మిల్లుల్లో బేరింగులు, బెల్టులు, రోలర్ల సందులు సరిచేసే ఫిట్టర్లు మిర్యాలగూడలో గల్లీకొకరు ఉంటారు. ఐటీఐలో ఫిట్టర్ గానీ డీజిల్ మెకానిక్ గానీ చేసిన కుర్రాడికి ఈ పని కొత్త యంత్రం అవుతుందేమో గానీ, కొత్త విద్య కాదు.

మిర్యాలగూడ నుంచి దారి ఏది?

మన దగ్గర ‘గోల్ఫ్ డిగ్రీ’ అని బోర్డు పెట్టిన కాలేజీ కోసం వెతకాల్సిన పని లేదు. వ్యవసాయం, ఉద్యానం చదివి, అందులోంచి పచ్చిక వైపు మళ్లడమే ఇక్కడ నమ్మకమైన దారి. అలా చేస్తే ఒక లాభం కూడా ఉంది. గోల్ఫ్‌లో ఉద్యోగం రాకపోయినా చదువు వృథా పోదు. క్రికెట్, ఫుట్‌బాల్ మైదానాలు, విమానాశ్రయాలు, ఐటీ క్యాంపస్‌లు, నర్సరీలు, పార్కులు, విత్తన కంపెనీలు.. అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి.

పదో తరగతి తర్వాత: పాలిసెట్ రాసి వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేయొచ్చు. ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన పాలిటెక్నిక్ మిర్యాలగూడకు దగ్గర్లోని కంపాసాగర్‌లోనే ఉంది. త్రిపురారం మండలంలోని ఈ ఊళ్లో వ్యవసాయ పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉన్నాయి. ఇంటి నుంచి ఆడపిల్లను దూరం పంపడానికి వెనకాడే కుటుంబాలకు ఇది పెద్ద వెసులుబాటు. సూర్యాపేట వైపు వారికి గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం దగ్గర.

ఇంటర్ బైపీసీ తర్వాత: ఎప్‌సెట్ ర్యాంకుతో బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్ గానీ అగ్రికల్చర్ గానీ నాలుగేళ్లు. సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్న శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, మోజర్ల వంటి చోట్ల కాలేజీలు ఉన్నాయి. రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. అర్హత ఉన్న ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది. ఈ రెండు సర్టిఫికెట్లు కౌన్సెలింగ్ నాటికి చేతిలో లేక సీటు పోగొట్టుకోవద్దు. ఇంటర్ రెండో ఏడు మొదట్లోనే మీసేవలో దరఖాస్తు పెట్టుకోవడం మంచిది. మైనారిటీ గురుకుల కాలేజీల్లో బైపీసీ చదివే పిల్లలకు డాక్టర్ సీటు ఒక్కటే గమ్యం అన్నట్టు చెప్పడం మానేసి, ఈ దారి కూడా చూపించాలి.

డిగ్రీ తర్వాత: ఎమ్మెస్సీ ఫ్లోరికల్చర్, ల్యాండ్‌స్కేపింగ్ విభాగంలో పచ్చిక నిర్వహణ ఒక ప్రత్యేక సబ్జెక్టుగా ఉంటుంది. విదేశాల్లో పీజీ చేయాలనుకునే మైనారిటీ విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వ ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం ఉంది. 20 లక్షల రూపాయల వరకు సాయం అందే ఈ పథకానికి ఆదాయ పరిమితి, మార్కుల షరతులు, దేశాల జాబితా ఉంటాయి. దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషన్‌లో అవి తప్పకుండా సరిచూసుకోవాలి.

ఆట నేర్పే వైపు వెళ్లాలనుకుంటే దారి వేరు. 1955లో ఏర్పడిన ఇండియన్ గోల్ఫ్ యూనియన్ ఆధ్వర్యంలో నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా ఉంది. కోచ్‌లకు శిక్షణ, సర్టిఫికెట్లు ఇస్తుంది. కానీ దానికి ముందు ఆట బాగా వచ్చి ఉండాలి. ఇది అందరికీ కుదిరేది కాదు.

పని చూడాలంటే ఎక్కడికి?

మిర్యాలగూడకు సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లోనే గోల్ఫ్ కోర్సులు ఉన్నాయి. గోల్కొండ కోట పక్కన నయా ఖిలాలో హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్, సికింద్రాబాద్‌లో సైన్యం మైదానం. ఆంధ్రలో విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ క్లబ్ 1884 నాటిది. కోల్‌కతాలోని రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ అయితే 1829లోనే మొదలైంది.

నయా ఖిలా మైదానం చూసే విద్యార్థికి గడ్డితో పాటు ఇంకో పాఠం కూడా దొరుకుతుంది. కుతుబ్‌షాహీల కాలం నాటి ముల్లా ఖయాలీ మసీదు, ముస్తఫా ఖాన్ మసీదు, హతియాన్ కా ఝాడ్ అని పిలిచే అతి పెద్ద బావోబాబ్ చెట్టు అక్కడే ఉన్నాయి. చారిత్రక కట్టడాల మధ్య గోల్ఫ్ మైదానం పెట్టడంపై వారసత్వ పరిరక్షకులు ఏళ్లుగా అభ్యంతరం చెబుతున్నారు. మైదానం నడిపేవారు గడ్డికి మాత్రమే జవాబుదారీ కాదు, దాని చుట్టూ ఉన్న చరిత్రకూ జనానికీ కూడా అని ఆ చోటు గుర్తుచేస్తుంది.

నీళ్ల ప్రశ్న ఇంకా పెద్దది. సాగర్ కాల్వ చివరి భూములకు నీళ్లందక వారబందీ కోసం ఎదురుచూసే రైతు, ఆట కోసం 100 ఎకరాల గడ్డికి నీళ్లు పెట్టడం చూస్తే అడగక మానడు. అడగడం న్యాయమే. అందుకే ఇవాళ ఈ వృత్తిలో విలువ ఉన్న మనిషి ఎక్కువ నీళ్లు పెట్టేవాడు కాదు. శుద్ధి చేసిన మురుగునీటితో మైదానాన్ని నిలబెట్టేవాడు, తేమను కొలిచి అవసరమైన చోటే తడిపేవాడు, నీరు తక్కువ తాగే రకాన్ని ఎంచేవాడు. ఈ విద్య నేర్చినవాడు రేపు సొంత పొలానికి తిరిగొచ్చినా పనికొస్తుంది.

గల్ఫ్‌లో గోల్ఫ్

ఒకప్పుడు దుబాయ్‌లో గోల్ఫ్ ఇసుక మీదే ఆడేవారు. గ్రీన్ ఉండాల్సిన చోట నూనె కలిపిన ఇసుక పరిచి, దాన్ని ‘బ్రౌన్’ అనేవారు. 1988లో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ మొదలయ్యాక లెక్క మారింది. మధ్యప్రాచ్యంలో పూర్తిగా గడ్డి పరిచిన మొదటి ఛాంపియన్‌షిప్ మైదానం అదే. ఆ తర్వాత గల్ఫ్ దేశాల్లో ఎన్నో కోర్సులు వచ్చాయి. అక్కడ నీటిలో ఉప్పు ఎక్కువ. చౌడు నేలలో ఏ పైరు తట్టుకుంటుందో నల్గొండ రైతు చూసుకున్నట్టే, ఉప్పు నీటికి తట్టుకునే సీషోర్ పాస్పాలం అనే గడ్డిని అక్కడ చాలాచోట్ల వాడతారు.

ఈ మైదానాల్లో మన దేశపు చేతులు ఎన్నో పనిచేస్తున్నాయి. అయితే ఒకే గడ్డి మీద ఇద్దరు నిలబడితే, ఒకరు ఎంత కోయమంటే అంత కోస్తారు. ఇంకొకరు ఎంత కోయాలో చెబుతారు. ఇద్దరి జీతాల మధ్య, గదుల మధ్య, ఇంటికి రాగలిగే సెలవుల మధ్య చాలా దూరం ఉంటుంది. ఆ దూరానికి మొదటి మెట్టు డిప్లొమా. చదువు లేకుండా వెళ్లినవారి కష్టాన్ని తక్కువ చేయడం కాదు ఇది. వారి రెక్కల మీదే ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. వారి పిల్లలు అదే విమానంలో వేరే కాగితాలతో ఎక్కాలన్నదే మాట.

కాగితాల మాట వచ్చింది కాబట్టి కొన్ని జాగ్రత్తలు. పదో తరగతి పాసైన వారి పాస్‌పోర్టుకు గల్ఫ్ వెళ్లేందుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. పాస్ కాని వారికి కావాలి. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు సర్వీస్ చార్జీగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు అడగాలి. విజిట్ వీసా మీద పంపి ‘అక్కడికెళ్లాక మారుస్తాం’ అంటే ఆ గుమ్మం దిగి వచ్చేయాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు నియామకాలు చేస్తుంది. ‘గోల్ఫ్ క్లబ్‌లో ఉద్యోగం’ అని ఎవరైనా చెబితే ఏ పని, ఏ హోదా, నెల జీతం ఎంత, పని గంటలెన్ని అని ఒప్పందంలో చదివాకే సంతకం చేయాలి. క్లబ్బుల్లో రెస్టారెంట్లు, బార్లు కూడా ఉంటాయి కాబట్టి, తమకు అభ్యంతరమైన పని రాకూడదనుకునే కుటుంబాలు మైదాన విభాగం అని స్పష్టంగా రాయించుకోవడం మేలు.

మన లెక్చరర్లు ఏం చేయొచ్చు?

ఇన్ని దారులున్నా, పిల్లవాడికి దారి ఉందని చెప్పే మనిషి లేకపోతే అన్నీ మూసినట్టే. డికిన్సన్ లాంటి పనికి పెద్ద యూనివర్సిటీ అక్కర్లేదు. మిర్యాలగూడలోని ఏ జూనియర్ కాలేజీ బోటనీ లెక్చరర్ అయినా, ఏ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ అయినా మొదలుపెట్టొచ్చు.

కాలేజీ వెనక రెండు గజాల చదరం చాలు. సగంలో మామూలు ఎర్రమట్టి, సగంలో కంకర మీద ఇసుక. రెండింట్లోనూ గరిక కణుపులు నాటాలి. ఒకే బకెట్ నీళ్లు పోసి, ఏది ఎంతసేపట్లో ఇంకిందో గడియారం పట్టుకుని రాయాలి. వారం వారం వేళ్లు ఎంత లోతుకు వెళ్లాయో తవ్వి కొలవాలి. యూరియా ఒకదానికి కొంచెం, ఇంకోదానికి ఎక్కువ వేసి తేడా చూడాలి. ఖర్చు కొన్ని వందల రూపాయలు. నెల తిరిగేసరికి పిల్లలకు నేల గురించి, నీటి గురించి, లెక్క రాయడం గురించి పుస్తకం ఇవ్వలేనిది తెలుస్తుంది. ఆ నోటు పుస్తకమే రేపు ఇంటర్వ్యూలో మాట్లాడుతుంది.

ఏడాదికోసారి కంపాసాగర్ పరిశోధన కేంద్రానికి, రాజేంద్రనగర్ కాలేజీకి, వీలైతే ముందే అనుమతి తీసుకుని హైదరాబాద్‌లోని ఒక గోల్ఫ్ కోర్సుకు పిల్లలను తీసుకెళ్లాలి. పొద్దున్నే 6 గంటలకు, ఆట మొదలయ్యే ముందు చూపించాలి. అసలు పని ఆ వేళలోనే జరుగుతుంది. ఎండాకాలం సెలవుల్లో రైస్ మిల్లులో ఫిట్టర్ దగ్గర నెల రోజులు పనిచేయడాన్ని చిన్నతనంగా కాకుండా అనుభవంగా రాసిచ్చే పద్ధతి రావాలి. ఇంగ్లిష్ మీద కూడా శ్రద్ధ పెట్టాలి. మందు డబ్బా మీద లేబుల్ చదవడం, పని నివేదిక నాలుగు వాక్యాల్లో రాయడం వస్తే సగం భయం పోతుంది. మన పిల్లలకు ఉర్దూ వచ్చి ఉండడం అదనపు బలం. గల్ఫ్ మైదానాల్లో పాకిస్తానీ, ఉత్తర భారత కార్మికులతో పని చేయించడానికి అది రోజూ అక్కరకొస్తుంది.

తల్లిదండ్రులకు చివరిగా ఒక లెక్క. మన దేశంలో గోల్ఫ్ కోర్సులు క్రికెట్ మైదానాలన్ని లేవు. కాబట్టి ఒక్క గోల్ఫ్‌నే నమ్ముకుని అప్పు చేసి ఎక్కడో ప్రైవేటు కోర్సులో చేర్చడం సరికాదు. వ్యవసాయ డిప్లొమానో, ఉద్యాన డిగ్రీనో పునాదిగా పెట్టుకోండి. గోల్ఫ్‌ను ఆ ఇంటికున్న తలుపుల్లో ఒకటిగా చూడండి. పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చే నెలల్లో పాలిసెట్, ఎప్‌సెట్ తేదీలు క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. పొలం గట్టు మీద గరికను పీకే చేతికి, దాన్నే పెంచి జీతం తీసుకునే చేతికి మధ్య ఉన్నది రెండేళ్లో నాలుగేళ్లో చదువు. ఆ చదువు మిర్యాలగూడ నుంచి బస్సు దూరంలోనే ఉంది.